ఎగిరే మోటారు విప్పితే...

బోరు మోటారు కాలితే రైతు ఏం చేస్తాడు? ట్రాక్టరెక్కించి వైండింగు షాపుకి పంపిస్తాడు. మరి మిరపచేను మీద ఎగిరే మోటారు మొరాయిస్తే? దాన్నీ విప్పొచ్చు. తీగ మార్చొచ్చు. వేగం పెంచొచ్చు, తగ్గించొచ్చు. అయితే ఆ వైద్యం అన్ని మోటార్లకీ పనికిరాదు. ఏ మోటారు విప్పాలో, దేని జోలికి పోకూడదో తెలియడంలోనే ఉంది అసలు పనితనమంతా!

నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి... ఈ ఊళ్లలో బజారుకెళ్తే ఎరువుల దుకాణం తర్వాత తప్పకుండా కనిపించేది వైండింగు షాపు. గుమ్మంలో తుప్పుపట్టిన పంపుసెట్లు. లోపల వార్నిష్ వాసన. గోడకి వేలాడే రాగితీగ చుట్టలు. కాలిన మోటారు రాగానే మేస్త్రి మీటరు తియ్యడు. ముక్కు దగ్గరపెట్టి వాసన చూస్తాడు. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత, అంచులు నలిగిన నోటుపుస్తకం తీస్తాడు. ఏ కంపెనీ, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్లాట్లు, ఏ గేజి తీగ, స్లాటుకి ఎన్ని చుట్లు... అన్నీ అందులో ఉంటాయి. కొత్త రకం మోటారు వస్తే విప్పుతూనే లెక్కపెట్టి, మరో పేజీ రాసుకుంటాడు. పత్తి, మిరప చేలకి నీళ్లందడం వెనక ఆ పుస్తకాల పాత్ర చిన్నదేం కాదు.

ఇప్పుడు ఆ పుస్తకంలో లేని మోటారొకటి చేలల్లోకి వచ్చేసింది. అరచేతిలో పట్టేస్తుంది. నీళ్లు తోడదు, గాల్లో తిరుగుతుంది. అదే డ్రోన్‌ మోటారు. ఇంజినీర్ల భాషలో బ్రష్‌లెస్ మోటారు.

పురుగు కంటే ముందు పరుగెత్తాలి

ఆ మోటారు ఇక్కడికి ఎందుకొచ్చిందో తెలియాలంటే 2021-22 మిరప సీజన్‌ని గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం రైతులు పూతలో నల్లగా, నలుసుల్లా కదులుతున్న పురుగుల్ని చూసి బెంబేలెత్తిపోయారు. తామర పురుగు ఇక్కడివాళ్లకి కొత్త కాదు. ఆకులు పైకి ముడుచుకుంటే ‘పై ముడత’ అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ ఈ నల్ల తామర పురుగు తీరే వేరు. శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. ఆకుల కంటే పువ్వుల్లోనే మకాం వేస్తుంది. పువ్వు రాలిపోతే ఇక కాయెక్కడిది? వేలాది ఎకరాల్లో పూత రాలిపోయింది. కొందరు పంటనే పీకేశారు. మళ్లీ మళ్లీ మందులు కొట్టి అప్పులపాలైనవాళ్లు ఎందరో.

అలాంటి పురుగు మీద మందు పనిచేయాలంటే సరైన రోజున, ఊరంతా దాదాపు ఒకేసారి కొట్టాలి. కూలీలు దొరకాలి, తైవాన్ స్ప్రేయర్ దొరకాలి, ఎకరాకి వందల లీటర్ల నీళ్లు మొయ్యాలి. పైగా నడుమెత్తు మిరపచేలో మందు కొట్టేవాడి ఒంటి మీదే సగం మందు పడుతుంది. పది లీటర్ల ట్యాంకున్న డ్రోన్ అయితే పదిలోపు నిమిషాల్లో ఎకరా చుట్టేస్తుంది. మనిషి గట్టు మీదే ఉంటాడు. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకం కూడా ఈ లెక్క చూసే. 15,000 మహిళా సంఘాలకి, ధరలో 80 శాతం దాకా, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయంతో డ్రోన్లిచ్చే పథకమిది. గుంటూరు పక్కన లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్లకి శిక్షణ ఇస్తోంది.

బాగానే ఉంది. కానీ డ్రోన్‌కి నాలుగో ఆరో మోటార్లుంటాయి. సీజన్ మధ్యలో అందులో ఒక్కటి ‘గర్ర్‌’మన్నా ఆ రోజు పని బందే! మబ్బు కమ్మేలోపు కొట్టాల్సిన మందు డబ్బాలోనే ఉండిపోతుంది. కిస్తీ కట్టాల్సిన నడిపేవాడికీ, పూత కాపాడుకోవాల్సిన రైతుకీ నష్టమే. అప్పుడే మొదటి ప్రశ్న వస్తుంది... దీన్ని విప్పొచ్చా?

బోరు మోటారుకి తమ్ముడే

మిక్సీ మోటారు చూసినవాళ్లకి కార్బన్లు తెలిసే ఉంటాయి. తిరిగే భాగానికి కరెంటు అందించేందుకు అటొకటి ఇటొకటి ఒరుసుకుంటూ ఉండే రెండు ముక్కలు. అరిగిపోతే పొగ, నిప్పురవ్వలు, ‘కార్బన్లు మార్చాలండీ’ అన్న మాట. వాటినే బ్రష్‌లంటారు. బ్రష్‌లెస్ మోటారులో ఆ గొడవే లేదు. తీగ చుట్టిన భాగం కదలదు, అయస్కాంతాలే తిరుగుతాయి. తిరిగే దానికి కరెంటే అక్కర్లేనప్పుడు బ్రష్ ఎందుకు?

మరి బ్రష్‌లు చేసే పని ఎవరు చేస్తారు? ఎలక్ట్రానిక్ సర్క్యూటు చేస్తుంది. ఏ కాయిల్‌కి ఎప్పుడు కరెంటివ్వాలో అదే చూసుకుంటుంది. అమెరికాలో విల్సన్, ట్రికీ అనే ఇంజినీర్లు ఈ పద్ధతిని 1962లోనే ప్రకటించారు. అప్పటికి దానికి తగ్గ బలమైన అయస్కాంతాలు, చవకైన ట్రాన్సిస్టర్లు లేవు. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ శాస్త్రవేత్తలు విడివిడిగా నియోడిమియం అయస్కాంతాన్ని తెచ్చాక కథ మారింది. స్పీకర్ల వెనకుండే నల్ల ఫెర్రైట్ అయస్కాంతం దీని ముందు దిగదుడుపే. సగావాకి 2022లో బ్రిటన్‌వారి క్వీన్ ఎలిజబెత్ ఇంజినీరింగ్ బహుమతి దక్కింది. ఇవాళ మన ఇంట్లో కరెంటు ఆదా చేసే బీఎల్‌డీసీ ఫ్యాను, వీధిలో చప్పుడు చేయని ఎలక్ట్రిక్ స్కూటరు... అన్నింట్లోనూ తిరిగేది ఈ జాతి మోటారే. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా విజయవాడ కృష్ణాతీరంలో దాదాపు 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. డ్రోన్‌కి నాలుగు చొప్పున వేసుకున్నా, ఆ రాత్రి ఒకేసారి తిరిగిన మోటార్లు 22,000!

ఇక్కడే మన వైండింగు మేస్త్రికి పనికొచ్చే సంగతి ఒకటుంది. డ్రోన్ మోటారు నుంచి బయటికొచ్చే తీగలు మూడు. బ్యాటరీవి రెండే అయినా, మధ్యనున్న ఈఎస్‌సీ అనే సర్క్యూటు ఆ రెండింటి కరెంటునీ మూడు ఫేజులుగా మార్చి ఇస్తుంది. అంటే ఇది త్రీఫేజు మోటారే! బోరు దగ్గర మోటారు ఉల్టా తిరిగితే రైతు ఏం చేస్తాడు? మూడింటిలో ఏవో రెండు తీగలు అటూ ఇటూ మారుస్తాడు. ఇక్కడా అంతే. పెద్ద మోటార్లకి స్టార్-డెల్టా స్టార్టరు ఉంటుంది కదా? ఆ స్టారూ, ఆ డెల్టా ఇక్కడా ఉన్నాయి. తేడా అల్లా వేగంలోనే. బోరు మోటారుకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు దిశ మార్చుకుని తిరిగొస్తుంది. పద్నాలుగు అయస్కాంతాలున్న చిన్న మోటారు నిమిషానికి పది వేల చుట్లు తిరిగితే, దాని తీగల్లో అది సెకనుకి 1,160 దాటుతుంది. అందుకే లోపలి ఇనుప రేకులు మరీ పల్చగా ఉంటాయి. మంచి రకాల్లో ఒక్కో రేకు మందం 0.2 మిల్లీమీటర్లే.

సీడీ డ్రైవు నుంచి విమానం!

ఈ మోటార్లని విప్పి మార్చడం మొదలుపెట్టింది కంపెనీలు కాదు, రిమోట్‌తో చిన్న విమానాలెగరేసే సరదా మనుషులు. 2000ల తొలినాళ్ల మాట. బ్రష్‌లెస్ మోటారు కొనాలంటే అప్పట్లో ఆస్తులమ్మాలి. మరోపక్క పాడైన కంప్యూటర్ సీడీ డ్రైవులు చెత్తబుట్టలు నింపేవి. సీడీని గిరగిరా తిప్పే ఆ చిన్న మోటారు బ్రష్‌లెస్‌దే కదా అని ఎవరికో తట్టింది. తొమ్మిది పళ్ల స్టేటర్ అది. దాని మీదున్న వెంట్రుకలాంటి తీగ పీకేశారు. లావు తీగ తక్కువ చుట్లు చుట్టారు. గిన్నెలాంటి మూతలోని నాసిరకం అయస్కాంతపు రింగు తీసి, 5 మిల్లీమీటర్ల చదరపు నియోడిమియం ముక్కలు పన్నెండు అంటించారు. అంతే! పాటలు వినిపించిన మోటారు, థర్మోకోలు విమానాన్ని గాల్లోకి లేపేసింది.

జర్మనీలో లూకాస్, రెట్స్‌బాఖ్, క్యూఫుస్ అనే ముగ్గురు ఔత్సాహికులు ఇంకో అడుగు ముందుకేశారు. పన్నెండు పళ్లు, పద్నాలుగు అయస్కాంతాల లెక్కతో ఒక మోటారు తయారుచేసి, ఆ తీరుని లోకానికి చెప్పేశారు. వాళ్ల పేర్ల తొలి అక్షరాలతోనే దాన్ని ‘ఎల్ఆర్‌కే’ అంటారు. నెమ్మదిగా తిరిగినా బలంగా తిప్పడం దాని గొప్ప. గేర్లు లేకుండానే పెద్ద రెక్కని తిప్పేయొచ్చు. ఇవాళ బజార్లో వందల రూపాయలకే దొరికే 2212 రకం డ్రోన్ మోటార్లలో చాలావాటికి అవే పన్నెండు పళ్లు, అవే పద్నాలుగు అయస్కాంతాలు. వంటగదిలో కూర్చుని తీగ చుట్టుకున్నవాళ్ల లెక్క కార్ఖానాలకెక్కిందన్నమాట.

2212 అంటే ఏమిటనుకునేరు. స్టేటర్ వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12. వ్యవసాయ డ్రోన్లలో వాడే 8120 అంటే 81, 20. అంతే సంగతి.

విప్పడమూ ఒక విద్యే

ఇంజినీరింగు చదివే కుర్రాళ్లు గానీ, విమానాల పిచ్చి ఉన్న పిల్లలు గానీ మొదట చేతులు పెట్టాల్సింది ఇలాంటి చిన్న మోటారులోనే. పోయినా వందల్లో పోతుంది. కిందివైపు ఇరుసు చివర ఓ చిన్న సర్క్లిప్పో, మరో రకమైతే స్క్రూనో ఉంటుంది. అది తీసి పై మూత లాగితే ఊడొస్తుంది. ఊడొస్తుందంటే మర్యాదగా కాదు. అయస్కాంతాలు వెనక్కి గుంజుతాయి. చటుక్కున వదిలితే వేలి చర్మం ఇరుక్కుంటుంది. సర్క్లిప్పు ఎగిరితే గదంతా వెతుక్కోవాలి, అందుకే అనుభవమున్నవాళ్లు ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పుతారు. బల్ల మీద ఇనుప రజను ఉండకూడదు. ఒక్క రేణువు అయస్కాంతానికి అంటుకున్నా, వెంట్రుక మందపు సందులో అది కరకరా గీకుతూనే ఉంటుంది.

విప్పకముందే రోగం చెప్పే చిట్కా ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మూడు తీగలూ ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉంచి, చేత్తో మూత తిప్పాలి. అయస్కాంతాల వల్ల టిక్కు టిక్కుమంటూ తేలిగ్గా తిరగాలి. ఇప్పుడు మూడింటినీ కలిపి మెలేసి తిప్పాలి. బురదలో తిరుగుతున్నట్టు బరువుగా ఉంటే మోటారు మంచిదే. తీగలు విడిగా ఉన్నప్పుడే బురదలో తిరిగినట్టుంటే లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయినట్టు. బరువూ కాదు, టిక్కూ కాదు, ఇసుక నలిగినట్టుంటే అది బేరింగు.

షాపుల్లో వాడే సీరీస్ లాంపు ఇక్కడ పనిచేయదు. ఈ కాయిల్స్ నిరోధం ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు. మంచి కాయిల్‌కీ బల్బు వెలుగుతుంది, చెడ్డ కాయిల్‌కీ వెలుగుతుంది! మామూలు మల్టీమీటరు కూడా తేడా చెప్పలేదు. దానికో ఉపాయముంది. మోటారు ఇరుసుని డ్రిల్లింగ్ మెషిన్‌కి బిగించి తిప్పితే మోటారే డైనమో అయిపోతుంది. రెండేసి తీగల మధ్య ఏసీ వోల్టేజి చూడాలి. మూడు జతలకీ సమానంగా వస్తే సరే. ఏదైనా తక్కువ చూపిస్తే అక్కడే జబ్బు.

లెక్క తప్పితే లంక తగలబడినట్టే

తీగ విప్పేటప్పుడు మేస్త్రి అలవాటే ఇక్కడా శరణ్యం... లెక్కపెట్టడం. ఒక పంటికి ఎన్ని చుట్లు, తీగ ఒంటరా జంటా, ఏ పంటి నుంచి ఏ పంటికి వెళ్లింది, ఎటువైపు చుట్టారు. పన్నెండు పళ్ల మోటారులో ఒక్కో ఫేజుకి నాలుగు పళ్లు. పక్కపక్కన రెండు, వాటికి సరిగ్గా ఎదురుగా రెండు. పక్కపక్కవాటికి చుట్టు దిశ ఒకటి కుడికైతే రెండోది ఎడమకి. ఎదుటి జతలో ఆ వరస తిరగబడుతుంది. ఒక్క పంటికి దిశ తప్పినా మోటారు వణుకుతుంది, వేడెక్కుతుంది, తిరగనని భీష్మించుకుంటుంది. అందుకే విప్పేముందు సెల్‌ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోవడం మంచిది.

బోరు మోటారు పనితో చెయ్యి తిరిగినవాళ్లు తడబడేది ఒక్కచోటే. పాత కాయిల్ ఊడిరాకపోతే దానికి మంట చూపించడం చాలా షాపుల్లో మామూలే. ఈ చిన్న స్టేటర్‌కి మంట తగిలితే పల్చటి రేకుల మధ్యనున్న పూత కాలిపోతుంది. రేకులన్నీ ఒకే ఇనుప ముద్దలా మారి, మోటారు ఊరికే తిరిగినా సెగలు కక్కుతుంది. పంటి అంచుల మీదుండే రంగుపూత కూడా అలంకారం కాదు. అది గీరుకుపోతే తీగ ఇనుముకి తగిలి షార్టవుతుంది. కాబట్టి ఓపిగ్గా, చెక్కపుల్లతో ఒక్కో చుట్టూ తియ్యాల్సిందే.

కొత్త తీగ చుట్టేటప్పుడు లాగి బిగించాలి, కానీ ఇనామిల్ గీరుకోకూడదు. ఒక్క లావు తీగ మూలలు తిరగకపోతే మూడు నాలుగు సన్న తీగలు కలిపి చుడతారు. స్లాటులో ఎంత రాగి పడితే అంత మంచిది. పని పూర్తయ్యాక వార్నిష్. ఇదంతా ఒక పూట పని. తొలిసారి చేసేవాళ్లకి రెండు పూటలు, నాలుగు టీలు!

వేగమా... బలమా?

ఇంతకీ మార్చడం ఎందుకు? ఈ మోటార్ల మీద ‘కేవీ’ అని ఒక అంకె ఉంటుంది. కిలోవోల్టులనుకుని కంగారుపడనక్కర్లేదు. బరువేమీ లేకుండా ఒక్క వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 920 కేవీ మోటారుకి 10 వోల్టులిస్తే 9,200 చుట్లు.

ఆ అంకె తీగ చుట్లలో దాగుంటుంది. చుట్లు సగం చేస్తే కేవీ రెట్టింపు. రెట్టింపు చుడితే సగం. స్టారులో కలిపినదాన్ని డెల్టాకి మారిస్తే 1.73 రెట్లు పెరుగుతుంది. 920 కాస్తా 1,590 దాకా వెళుతుందన్నమాట. తీగ కూడా మార్చక్కర్లేదు, కొసలు కలిపే తీరు మారిస్తే చాలు. అయితే ఊరికే ఏదీ రాదు. కేవీ పెరిగినకొద్దీ ఒక్కో ఆంపియరుకి వచ్చే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అదే రెక్కని తిప్పాలంటే కరెంటు ఎక్కువ తాగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. అందుకే చిన్న రెక్కతో రివ్వున దూసుకెళ్లే విమానానికి ఎక్కువ కేవీ, పెద్ద రెక్కతో బరువులు మోసేదానికి తక్కువ కేవీ. మందు కొట్టే డ్రోన్లలో వాడే 8120 మోటార్లలో పేరున్న రకం ఒకటి 100 కేవీయే. 44.4 వోల్టుల బ్యాటరీ ఇచ్చినా 4,440 చుట్లు దాటదు. కానీ 30 అంగుళాల రెక్కని తిప్పుతుంది. పందెం కోడికీ, అరక కట్టే ఎద్దుకీ ఉన్న తేడా!

అయస్కాంతాలు మార్చేవాళ్లూ ఉన్నారు. నియోడిమియం గాజులాంటిది, జారిపడితే పెచ్చులూడుతుంది. మామూలు రకం 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలుపెడుతుంది. మళ్లీ చల్లారినా పోయింది పోయినట్టే. కాలిన మోటారుకి కొత్త తీగ చుట్టినా పాత బలం రాకపోతే అనుమానించాల్సింది ఈ అయస్కాంతాలనే. కొత్తవి అతికేటప్పుడు ఉత్తరం, దక్షిణం ఒకటి విడిచి ఒకటి రావాలి, సందులన్నీ సమానంగా ఉండాలి. ఎపాక్సీ ఎక్కడో ఓ చుక్క ఎక్కువ పడితే తిరిగేటప్పుడు వణుకు. ఆ వణుకు పోగొట్టడానికి మూతకి చిన్న సెల్లోటేపు ముక్క అంటించి, చోటు మారుస్తూ చూస్తారు. లారీ టైరుకి సీసం ముక్క కొట్టి బ్యాలెన్సింగ్ చేసినట్టే.

మిరపచేలో లెక్క వేరు

మళ్లీ చేలోకొద్దాం. మందు కొట్టే డ్రోన్ మోటారుకి శత్రువులు ముగ్గురు. ఒకటి, గాలికి తిరిగొచ్చి పడే మందు తుంపర్లు. బేరింగుని, పూతని నెమ్మదిగా తినేస్తాయి. రెండు, దుమ్ము. డ్రోన్ దిగేచోట రెక్కల గాలికి నల్లరేగడి పొడి సుడులు తిరుగుతుంది. అందులోని ఇనుప రేణువులు అయస్కాంతాలకి అతుక్కుంటాయి. మూడు, అతి బరువు. ట్యాంకు నిండుగా పోసి, ఎండలో, ఆపకుండా ఎగరేస్తే వైండింగు ఉడికిపోతుంది.

ఇందులో మొదటి రెండింటికీ మందు చేతిలోనే ఉంది. రోజు పని అవగానే తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఒక్కో మూత చేత్తో తిప్పి చూడటం. పైపుతో నీళ్లు జిమ్మితే మాత్రం దుమ్ము బేరింగు లోపలికే పోతుంది. బేరింగు పోతే భయపడాల్సిందేమీ లేదు. దాని మీద నంబరుంటుంది. నంబరు చివర ‘జడ్‌జడ్’ అంటే ఇనుప మూత, ‘2ఆర్ఎస్’ అంటే రబ్బరు మూత. దుమ్ములో పనిచేసేదానికి రబ్బరు మూతే నయం. సుత్తితో కొట్టి దించకుండా, బయటి రింగు మీదే సమానంగా ఒత్తి దించాలి. తయారీదారు విప్పడానికి ఒప్పుకున్న మోటారైతే ఈ పని నేర్చుకున్న మెకానిక్ ఊళ్లో ఒక్కడున్నా సీజన్లో ఎంతో మేలు.

వైండింగు సంగతి అలా కాదు. ఇక్కడ సరదా విమానం సూత్రాలు పనిచేయవు. వ్యవసాయ డ్రోన్ మోటారు చాలావాటిలో ఈఎస్‌సీతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది. ఆ ఈఎస్‌సీ లోపలి ప్రోగ్రాము ఆ మోటారు కొలతలకే సరిపెట్టి ఉంటుంది. నాలుగు చుట్లు ఎక్కువో తక్కువో అయితే దాని లెక్క తప్పుతుంది. తక్కిన మోటార్లతో జోడు కుదరదు. ట్యాంకు నింపితే పాతిక కిలోలకి దగ్గరగా ఉండే యంత్రం అది. తిరిగేవి రెండున్నర అడుగుల రెక్కలు. నాలుగు మోటార్ల డ్రోన్‌లో ఒకటి ఆగితే కూలిపోవడమే. ఆరు మోటార్లదైతే ఎలాగోలా దించే అవకాశముంది, అదీ అదృష్టం బాగుంటే. గట్టు మీద రైతుంటాడు, పక్కచేలో కలుపు తీసే ఆడవాళ్లుంటారు. పైగా 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఇలాంటి డ్రోన్‌కి ఇచ్చే టైప్ సర్టిఫికెట్ ఫలానా నమూనాకే. ఇంట్లో చుట్టిన మోటారు ఆ నమూనాలో ఉండదు. సరదా కోసమో చదువు కోసమో కళ్లెదుటే ఎగరేసుకునే మోడళ్లకి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు కాబట్టి, ప్రయోగాలకి చోటు అక్కడే.

కాబట్టి మిరపచేలో మోటారు కాలితే కొత్తది వేయడమే దారి. ఖర్చెక్కువ, నిజమే. సంపూర్ణ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించినా విడిభాగాలకి ఆ నిషేధం వర్తించలేదు. సీజన్లో అవి చేతికందడమే ఆలస్యం. అందుకే తెలివైన నడిపేవాళ్లు మిరప పూతకొచ్చేలోపే ఒక మోటారు స్పేరు తెచ్చి పెట్టెలో పెట్టుకుంటారు. తైవాన్ స్ప్రేయర్‌కి స్పేరు ప్లగ్గు జేబులో వేసుకున్నట్టే.

మరి కాలిన మోటారు? పాత ఇనుము వాడికి వేసేముందు ఒక్కసారి ఆలోచించాలి. 81 మిల్లీమీటర్ల స్టేటర్, గట్టి బేరింగులు, బలమైన అయస్కాంతాలు... నేల మీద పనులకి అదో బంగారు గని. కొత్త తీగ చుట్టి, డ్రిల్లుకి బదులు గాలిమర రెక్క తగిలిస్తే కరెంటు తీసే డైనమో. కాలేజీ ప్రాజెక్టుకి వెతుక్కునే విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

అలా చుట్టిన మోటారుకి తొలిసారి కరెంటిచ్చేటప్పుడు రెక్క బిగించకూడదు. అప్పుడు, ఇందాక పనికిరాదని పక్కనపెట్టిన సీరీస్ లాంపు మళ్లీ బల్ల మీదకొస్తుంది. అయితే 230 వోల్టులది కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య ఒక కారు హెడ్‌లైటు బల్బు. లోపలెక్కడైనా షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఈఎస్‌సీ మాడిపోకుండా బతుకుతుంది. బల్బు వెలగకుండా మోటారు సన్నగా ఈల వేస్తూ తిరిగిందా, లెక్క కుదిరినట్టే. తిరిగింది గానీ ఉల్టాగానా? ఏ పుస్తకమూ తియ్యక్కర్లేదు. పల్నాటి వైండింగు షాపులో పనిచేసే కుర్రాడైనా నవ్వి, ఏవో రెండు తీగలు అటూ ఇటూ మార్చేస్తాడు.